లేయర్ రెట్టలో మొక్కజొన్న ముక్కలు పడుతుంటే దాణా నిజంగా తొందరగా జారిపోతోందా? ఇంటి దగ్గరే టైమ్ చూసుకోవడం ఎలా

ప్రశ్న: మాది తణుకు దగ్గర, కేజ్‌ల్లో 400 లేయర్లు (గుడ్ల కోళ్ళు) ఉన్నాయి. రెండు వారాల నించి రెట్ట పల్చగా పడుతోంది, అందులో మొక్కజొన్న ముక్కలు కూడా కనపడుతున్నాయి. దాణా పేగుల్లో ఆగట్లేదు, మూడు గంటల్లోనే బయటికొచ్చేస్తోంది అని డీలరు ఒక పౌడర్ వాడమంటున్నాడు. నిజమేనా? అది కొలిచే దారి ఏమన్నా ఉందా?

జవాబు: నమస్కారం అండి. ముందు ఆ మూడు గంటల సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ మాటకే మీరు భయపడినట్టున్నారు. గుడ్లు పెట్టే కోడికి మూడు గంటలు జబ్బు కాదు. రంగు కలిపిన దాణా పెట్టి చూస్తే మొదటి రంగు రెట్ట సుమారు రెండున్నర నించి నాలుగు గంటల్లో పడుతుంది, అదే గుడ్లు ఆపేసిన కోడిలో ఇంకా లేటవుతుంది, గుడ్లు పొదుగుతూ కూర్చున్న పెట్టలో ఇంకా చాలా ఎక్కువ టైమ్ పడుతుంది, అది తినేదే తక్కువ కదా. కాబట్టి ఒక్క అంకె చూసి పౌడర్ కొనకండి.

కొలవడం మాత్రం మీరే చెయ్యొచ్చు, చెయ్యమనే నా సలహా కూడా. కావాల్సింది ఎర్ర ఐరన్ ఆక్సైడ్, మందు బిళ్ళల పూతకి వాడే గ్రేడ్‌ది. గచ్చుకి రుద్దే రెడ్ ఆక్సైడ్ మాత్రం దయచేసి వాడొద్దు, అందులో ఇంకేం కలిసుంటుందో ఎవరూ చెప్పలేరు. మందు గ్రేడ్ ఐరన్ ఆక్సైడ్ పేగుల్లో దాదాపు ఇంకకుండా దాణాతో పాటే నడిచి బయటికొస్తుంది, అందుకే కోళ్ళ రీసెర్చ్‌లో ఎప్పటి నించో వాడుతున్నారు. 200 గ్రాముల దాణాకి 2 గ్రాములు చాలు, బాగా కలపాలి.

బాగా గుడ్లు పెడుతున్న కోళ్ళు ఐదు తీసుకుని ఒక్కో కేజ్‌లో ఒక్కోటే ఉంచండి, కింద పాత ఫ్లెక్సీ తెల్లవైపు పైకి పరవండి. తెల్లారి లైట్ వేసే ముందు తొట్టిలో మిగిలిన దాణా తీసేయండి, నీళ్ళు మాత్రం ఆపొద్దు. లైట్ వెయ్యగానే ఎర్ర దాణా పెట్టి టైమ్ రాసుకోండి, అరగంట తిన్నాక తీసేసి మామూలు దాణా వేసేయండి. అక్కడి నించి పావుగంటకోసారి కిందకి చూస్తూ ఏ కోడికి ఎప్పుడు మొదటి ఎరుపు కనపడిందో విడివిడిగా రాయండి. ఐదింటికీ ఒకే టైమ్ రాదు, అరగంట ముప్పావుగంట తేడా వస్తే కంగారు పడకండి. ఆ రోజు ఆ ఐదు గుడ్లూ అమ్మకానికి వెయ్యకండి, జాగ్రత్త కోసం.

చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. కోడికి చిన్నపేగు చివర రెండు గుడ్డి పేగులుంటాయి, సీకా అంటాం, వాటిలోకి వెళ్ళిన సన్నటి పదార్థం చాలాసేపు పులిసి, రోజులో కొన్నిసార్లే జిగటగా, ముదురు గోధుమ రంగులో, గట్టి వాసనతో పడుతుంది. దాన్ని చూసి విరోచనాలు అనుకుంటారు, కాదండి, అది ఆరోగ్యమే. మర్నాడు అందులో ఎరుపు కనపడినా సరే ఈ లెక్కలోకి తీసుకోవద్దు. ఇంకోటి, మొదటి ఎరుపు అంటే అన్నిటికన్నా ముందు దూసుకొచ్చిన ముక్క మాత్రమే, దాణా మొత్తం సగటున ఎంతసేపు ఉందో తెలియాలంటే గంట గంటకీ రెట్ట పోగుచేసి ఆరబెట్టి అందులో మార్కర్ (దాణాలో గుర్తుకి కలిపిన పదార్థం) ఎంతుందో ల్యాబ్‌లో తేల్చాలి, దానికి క్రోమిక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటివి వాడతారు. మీ అవసరానికి అంత అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మొదటి ఎరుపు మూడు గంటలకి వచ్చి, ముక్కలు కూడా పడుతున్నాయంటే తప్పు వేగంలో లేదు, నలగడంలో ఉంది. కందనకాయ పనే పెద్ద ముక్కని పట్టుకుని నలిగేదాకా కిందకి వదలకపోవడం. ఎప్పుడూ మెత్తటి పిండి దాణానే తింటున్న కోడికి కందనకాయ కండ పలచబడుతుంది, అప్పుడు హఠాత్తుగా మిల్లు జల్లెడ చిరిగి లావు ముక్కలు వచ్చాయనుకోండి, ఆ కందనకాయ వాటిని పట్టి ఉంచలేదు. అందుకే ముందు మీ గ్రైండర్ జల్లెడ విప్పి చూడండి, రెండు వారాల కింద మార్చారా, చిల్లు పడిందా. గ్రిట్ వేస్తున్నాం కదా అంటారు చాలామంది, అది షెల్ గ్రిట్, అంటే గుల్ల ముక్కలు, కాల్షియం కోసం, కడుపులో యాసిడ్‌కి కరిగిపోతుంది, నూరడానికి కరగని రాతి గ్రిట్ వేరే కొద్దిగా వెయ్యాలి.

అదే ఎరుపు ఐదింట్లో నాలుగింటికి రెండు గంటల లోపే వచ్చేస్తుంటే మాత్రం పేగు వాపో, కాక్సిడియోసిసో (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అనుమానించాలి, రెట్టలో రక్తం, నారింజ రంగు జిగురు ఉందేమో చూడండి. పల్చదనం విషయానికొస్తే నీళ్ళు కొలవండి. రోజుకి 110 గ్రాముల దాణా తినే కోడి మామూలు రోజుల్లో 220 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, ఎండ ముదిరితే అది రెట్టింపు కూడా అవుతుంది, రెట్ట పల్చబడుతుంది. మీ ప్రాంతంలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే, ఆపైన దాణాలో ఉప్పు కూడా మామూలుగానే పడుతుంటే కోడి ఇంకా తాగుతుంది. నూకలు, తవుడు పాళ్ళు ఈమధ్య మార్చారా అనేది మీరు రాయలేదు, అదీ చూసుకోండి.

ఏదన్నా ఒక్కటే మార్చండి, జల్లెడో నీళ్ళో, వారం ఆగి అవే ఐదు కోళ్ళకి అదే టైమ్‌లో మళ్ళీ ఎర్ర దాణా పెట్టి పాత కాయితంతో పోల్చి చూడండి. రెండు గంటల లోపు వచ్చినా, రక్తం కనపడినా ఆగొద్దు, తాజా రెట్ట, గుప్పెడు దాణా వేరువేరు కవర్లలో, ఏదన్నా చనిపోయిన కోడి ఉంటే అది కూడా పట్టుకుని అదే రోజు దగ్గర్లో పశువుల ఆస్పత్రికి గానీ గన్నవరం వెటర్నరీ కాలేజీకి గానీ వెళ్ళండి, కోసి చూస్తే కందనకాయ, పేగు రెండూ కళ్ళ ముందే తెలిసిపోతాయి.