రంగూన్ నుంచి వచ్చిన ఎర్ర వాజుల వయసెంత?

ప్రశ్న: మా తాతగారు 1936లో రంగూన్ నుంచి ఓడలో వస్తూ పది అంగుళాల ఎర్ర ఫ్లవర్ వాజుల జత తెచ్చారట. ఒంటినిండా చెక్కిన పూలు, లోపల నీలం ఎనామిల్, అడుగున ఇంగ్లీషులో ‘చైనా’ అన్న ముద్ర. చైనా రాజమహల్లోవని ఇంట్లో అంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రాజమహల్ మాట వదిలేయండి, 1936 మాట మాత్రం నమ్మదగ్గదే. అమెరికాకు వెళ్లే సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలన్న నిబంధన 1891లో అమల్లోకి వచ్చింది. మీ వాజులు అంతకు ముందువి కావు. ఇత్తడి లేదా రాగి ఒంటికి లోపల నీలం ఎనామిల్ వేసి, పైన ఎర్ర లాక్కర్ పూతలు వేసి వాటిలో పూలు చెక్కడం 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బీజింగ్ ఎగుమతి సరుకుకు మామూలే. రాజమహల్ సరుకు మీద ఉండే చైనా చక్రవర్తి పేరు, ఉదాహరణకు యోంగ్‌లె (1403–1424) ముద్రయితే, సూదితో గీసినంత సన్నగా ఉంటుంది. అలాంటి పేర్లను తర్వాతి వస్తువుల మీదా చెక్కారు కాబట్టి ముద్ర ఒక్కటే చాలదు.

ఈ లాక్కర్ మన ఏటికొప్పాక బొమ్మల లక్క కాదు. లక్క పురుగు ఇచ్చేది, ఇది చెట్టు పాలు. అందులో ఇంగిలీకం (పాదరసం ఉన్న ఎర్ర రంగు పొడి) కలిపి, ఒక పూత ఆరాక మరొకటి చొప్పున పదులకొద్దీ, మంచి పనిలో వందకు పైగా పూతలు వేసి, ఆ మందంలో చెక్కుతారు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పూరేకు అంచు చూడండి. చెక్కినదైతే అంచు పదునుగా ఉంటుంది, కోత పక్కన పూతల గీతలు సన్నగా కనిపించవచ్చు, రెండు వాజుల్లో ఒకే పువ్వు కాస్త తేడాగా ఉంటుంది. అంచులు మొద్దుబారి, పూలు అచ్చు గుద్దినట్టుంటే అది పోత పోసిన రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటిది. వేడి సూది గుచ్చి చూడమని ఎవరన్నా చెబితే వినకండి. మచ్చ పడుతుంది, ఇంగిలీకం వేడెక్కితే పాదరసం ఆవిరి వస్తుంది.

ఇక వారసత్వం. రంగూన్ ఉత్తరాలు, వాజులు కనబడే పాత ఫొటోలు, వీలునామా, భాగపంపకాల కాగితాలు ఒకచోట చేర్చండి. ఇంట్లో పెద్దవారు చెప్పింది వారి మాటల్లోనే రాసి, తేదీ వేసి సంతకం తీసుకోండి. కళ్లారా చూసింది వేరుగా, ‘అట’ అని విన్నది వేరుగా రాయించండి. కొనేవారు, మ్యూజియంవారు మొదట అడిగేది ఈ తేడానే. పక్కన స్కేలు పెట్టి మూతి లోపల, అడుగు, రెండు వైపులా ఫొటోలు తీయండి. వాజు మీద చీటీ అంటించకండి, జిగురుతోపాటు పూత ఊడొస్తుంది. అన్నదమ్ములు చెరొకటి పంచుకుంటే జత విలువ పోతుంది.

ప్రశ్న: అలాంటి వాజు నుంచే ఒక పెచ్చు ఊడింది. అతికించి అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇంట్లో జిగురు పెట్టకండి. పెచ్చును కాగితంలో చుట్టి, ఎక్కడిదో రాసి దాచి, లాక్కర్ పని తెలిసిన కన్జర్వేటర్‌కు (పాత కళావస్తువులు బాగుచేసే నిపుణులకు) చూపండి. వేడి, తేమ మారినప్పుడు లోహం, పూత ఒకేలా సాగవు, ముడుచుకోవు, అందుకే పూత పగులుతుంది. ఎండ తగిలే కిటికీ, ఏసీ గాలి రెండూ వద్దు. తేమ 50–60 శాతం ఉంటే మేలు. మెత్తటి పొడి బ్రష్ చాలు. కొబ్బరినూనె రాస్తే చెక్కుడు సందుల్లో దుమ్ము పేరుకుంటుంది.

పంపే ముందు వయసు తేల్చుకోండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్లు నిండిన కళావస్తువును సొంతంగా దేశం దాటించకూడదు, అది చైనాలో తయారైనా సరే. అంతకు తక్కువ వయసుదని మీరనుకుంటే, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ముందే తీసుకోండి.