తక్కువ బడ్జెట్‌లో పాత మారుతి 800 ని బాగుచేయించాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

పెయింట్‌తో మాత్రం మొదలెట్టకండి, చాలామంది డబ్బులు అక్కడే అయిపోతాయి. ముందు ఆర్సీ చూడండి, 15 ఏళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి రెన్యూవల్ తీసుకోవాలి, అది అవ్వకపోతే ఎంత ఖర్చుపెట్టినా రోడ్డెక్కనివ్వరు. తర్వాత కార్పెట్ ఎత్తి ఫ్లోరు, బ్యాటరీ కింద ట్రే చూడండి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయిందంటే ఆ రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే, పైన పుట్టీ పూసి కప్పేస్తే తుప్పు లోపల తింటూనే ఉంటది. బ్రేకులు, టైర్లు కొత్తవే వేయండి ప్లీజ్, ఇక్కడ మిగుల్చుకోవద్దు. ఇంజన్ గురించి అంత భయం అక్కర్లేదు, ఆ 796 సీసీ మూడు సిలిండర్లదే ఓమ్నీలో కూడా వచ్చింది కాబట్టి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వెతికితే పార్టులు దొరుకుతాయి, కంప్రెషన్ (సిలిండర్ లోపల వచ్చే ఒత్తిడి) బాగుంటే, కార్బరేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) ఉన్న మోడల్ అయితే దాని క్లీనింగ్, ప్లగ్గులు, ఆయిల్ చాలు.