పిండి అమ్మకం ఆపేసి కోర్సు చేయాలా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఒక ప్రైవేట్ ఆసుపత్రి స్టోర్స్‌లో పనిచేస్తున్నాను, జీతం 40,000. రెండేళ్లుగా ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు కిలో 80 చొప్పున అమ్ముతున్నాను. నెలలో 26 రోజులు, రోజూ 29 కిలోలు రుబ్బితే 25 కిలోలు పోతుంది. సాయానికి వచ్చే అమ్మాయికి రోజుకు 300 ఇస్తాను. లాభం సగం ఉంటుంది. ఆసుపత్రిలో స్టోర్స్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అవుతోంది. ఈ పని ఆపేసి, 1,20,000 పర్సనల్ లోన్ తీసుకుని మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ (సరుకు కొనుగోలు, నిల్వ చూసుకోవడం) కోర్సులో చేరదామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ లోన్ 14 శాతం వడ్డీతో రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 5,760 కట్టాలి. వడ్డీయే 18,000 దాటుతుంది. పిండి మీద వచ్చే డబ్బూ ఆగిపోతుంది. పైగా సరుకు ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి, పాడయ్యేలోపు ఎలా కదిలించాలి అన్నవి మీరు రెండేళ్లుగా రోజూ తేలుస్తున్న లెక్కలే. మీ దగ్గర లేనిదల్లా కాగితం మీద రుజువు.

ముందు ‘లాభం సగం’ అన్న మాట సరిచూసుకోండి. కిలో మినపప్పు 130, రెండు కిలోల ఇడ్లీ రవ్వ 100 అనుకుంటే, దాంతో 7 కిలోల పిండి వస్తుందనుకుందాం. కిలోకు 33 పడింది. 29 కిలోలకు 957, కవర్లకు 73, కరెంటు, ఉప్పు, పెట్రోలుకు 70, అమ్మాయికి 300. మొత్తం 1,400. అమ్మకం 2,000. మిగిలేది 600, నెలకు 15,600. సగం కాదు, 30 శాతం. మీ ఇంట్లో ధరలు వేసి ఇదే లెక్క మళ్లీ కట్టండి.

ఇక మిగిలిపోయే ఆ 4 కిలోలు. కవరుతో కలిపి రోజుకు 142, నెలకు దాదాపు 3,700 పారబోస్తున్నట్టే. ఎండాకాలంలో పిండి తొందరగా పులుస్తుంది కాబట్టి మర్నాటికి పనికిరాదు. చలికాలంలో అదే పిండి ఇంకో పూట ఆగుతుంది. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు, కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు రాత్రిళ్లు టిఫినే తింటారు, అప్పుడు చాలదు. ఇవన్నీ మీకు తెలుసు, కానీ మనసులోనే ఉన్నాయి. ఒక రూళ్ల పుస్తకంలో 8 వారాలు రోజూ రాయండి: ఏ రోజు, రుబ్బింది, అమ్మింది, మిగిలింది, అయిపోయాక అడిగినవాళ్లు. చివరి గడి దాదాపు అందరూ వదిలేస్తారు. అది లేకపోతే ఎంత అమ్ముడైందో తెలుస్తుంది గానీ అసలు ఎంత కావాలో తెలియదు. మిగులు 4 నుంచి 1 కిలోకు తగ్గినా నెలకు 2,750 పైనే మీ చేతికి వస్తుంది.

ఈ పద్ధతినే ఆసుపత్రిలో ఒక్క వస్తువు మీద పెట్టి చూపించండి. గ్లవ్స్ రోజుకు 40 పెట్టెలు పోతాయనుకుందాం, ఆర్డర్ పెట్టాక రావడానికి 5 రోజులు. అంటే 200. ఆలస్యానికి ఇంకో 2 రోజుల సరుకు, 80. నిల్వ 280కి దిగగానే ఆర్డర్ వెళ్లాలి. గడువు ముందు తీరే పెట్టె ముందు బయటికి పోవాలి. రెండు నెలల అంకెలతో ఇది మీ పై అధికారి ముందు పెడితే, అప్లికేషన్‌లో ‘మంచి నిర్వహణ నైపుణ్యం’ అని రాసేదానికన్నా బరువు ఎక్కువ. ఇలా రాయండి: ‘రోజుకు 29 కిలోల పాడయ్యే సరుకు కొనుగోలు, తయారీ, అమ్మకం చూస్తూ 8 వారాల్లో వృథాను ఇంత నుంచి ఇంతకు తగ్గించాను.’ అంకె నిజంగా తగ్గాకే రాయాలి సుమా.

అయితే అంతకంటే ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, వేరే పని, వ్యాపారం చేయకూడదన్న షరతు ఉందేమో చదవండి. ఉంటే హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోకుండా పిండి మాట ఎత్తొద్దు. డ్యూటీ టైంలో ఆర్డర్ల ఫోన్లు మాట్లాడొద్దు, ఇన్‌చార్జి పోస్టుకు మొదట అడ్డొచ్చేది అదే.

పిండి డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి, యూపీఐ దానికే కట్టండి. మీ ఏడాది అమ్మకం 6,24,000. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు (ఆంధ్రలో 40), కాబట్టి ఆ బెంగ లేదు. ఆదాయపు పన్ను రిటర్న్ ఐటీఆర్-4 అనే ఫారంలో వేయొచ్చు. యూపీఐ, బ్యాంకు వసూళ్ల మీద 6 శాతం, నగదు మీద 8 శాతం కనీస లాభంగా చూపాలి. మీకు అంతకన్నా ఎక్కువ మిగులుతోంది, ఉన్నదే చూపించండి. జీతంతో కలిపినా మీ ఆదాయం 7 లక్షలు దాటదు. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను పడదు. రేపు గ్రైండర్‌కు బ్యాంకు లోన్ అడిగితే ఆ రిటర్నే సాక్ష్యం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ లేకపోతే వెంటనే చేయించి, ఆ 14 అంకెల నంబరు కవరు మీద వేయించండి.

ఆ పోస్టుకు డిప్లొమా తప్పనిసరా, ఉంటే మంచిదా అన్నది హెచ్‌ఆర్‌ను ఈ వారమే అడగండి. ‘ఉంటే మంచిది’ అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైటు ‘స్వయం’లో ఇలాంటి కోర్సులు వెతకండి. వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. తప్పనిసరి అంటే చేరాల్సిందే, కానీ లోన్ లేకుండా. నెలకు 15,600 చొప్పున 8 నెలలు కదపకుండా దాస్తే 1,24,800 అవుతుంది.