అన్నాచెల్లెళ్ల సైకిల్ యాత్ర: ఒక్క రోజులో ఎంత దూరం?

ప్రశ్న: నవంబరులో నేనూ చెల్లెలూ జపాన్ వెళ్తున్నాం. ఒనోమిచి నుంచి ఇమాబరి దాకా 70 కిలోమీటర్లు ఒకే రోజులో తొక్కగలమా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అలవాటుంటే తొక్కగలరు. లేదంటే దారిలో వచ్చే సెతోదా రేవు దాకా, అంటే సుమారు 30 కిలోమీటర్లు తొక్కి పడవలో వెనక్కి రండి. మా సలహా ఇదే. నవంబరులో అక్కడ సాయంత్రం 5కే చీకటి పడుతుంది.

దారి తప్పరు, రోడ్డంచున నీలం గీత ఉంటుంది. మనలాగే ఎడమ పక్కనే నడపాలి. కానీ కబుర్లాడుతూ పక్కపక్కన తొక్కడం అక్కడ నేరం; చెల్లెల్ని ముందు పోనిచ్చి వెనకాల మీరుండండి.

కష్టమంతా దీవులను కలిపే వంతెనల దగ్గరే. అవి సముద్రానికి చాలా ఎత్తున ఉంటాయి గనక ఎక్కే దారి మెలికలు తిరుగుతుంది, 100 మీటర్లకు 3 మీటర్ల చొప్పున లేస్తుంది. మీ చదునైన మైపాడు రోడ్డు మీద ఎంత తొక్కినా ఈ ఎత్తు అలవాటు కాదు; ఫ్లైఓవర్ మీద పదిసార్లు ఎక్కిదిగండి. ఎత్తు మొదలవక ముందే గేరు తగ్గించాలి. సగంలో బలంగా తొక్కుతూ మారిస్తే చైను ఊడుతుంది. ఊడితే దిగి, చైనును కింది వైపు నుంచి పెడళ్ల దగ్గరి చిన్న పళ్లచక్రానికి తగిలించి పెడలు మెల్లగా వెనక్కి తిప్పండి.

అద్దె సైకిల్ తీసుకోగానే సీటు చూసుకోండి: పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా రావాలి. సీటు తగ్గితే సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి.