హాట్ యోగా మీద నమ్మకం లేనివాళ్లు మొదటి క్లాసుకి ఎలా వెళ్లాలి?

మీరు అడిగినవి రెండు: హాట్ యోగా, అంటే బాగా వేడి చేసిన గదిలో ఆసనాలు వేయడం, దాని గురించి చెప్పే గొప్పల్లో నిజమెంత, ఎప్పుడూ ఆసనాలు వేయని మనిషి మొదటి క్లాసు ఎలా గట్టెక్కాలి. అనుమానం ఉంచుకునే వెళ్లండి. మేలు చేసేవి ఆసనాలు, వేడి మాత్రం ఒంటి మీద పడే అదనపు భారం. ఆ సంగతి గుర్తుంటే ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.

చెమటతో ఒంట్లోని విషాలు పోతాయన్న మాట పట్టించుకోకండి. చెమటలో ఉండేది దాదాపుగా నీరూ ఉప్పే; మలినాలను తీసేసే పని కాలేయానిది, మూత్రపిండాలది. క్లాసు అయ్యాక కిలో బరువు తగ్గిందంటే లీటరు నీరు పోయిందని అర్థం. 2018లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒకే ఆసనాల వరసను 12 వారాల పాటు కొందరి చేత 40.5 డిగ్రీల గదిలో, కొందరి చేత 23 డిగ్రీల గదిలో చేయించి చూశారు. రక్తనాళాల పనితీరు రెండు చోట్లా మెరుగుపడింది. అంటే ఆ లాభానికి వేడి అవసరం లేదన్నమాట. అయినా వెచ్చటి గదిలో ఒళ్లు త్వరగా వదులవుతుంది, ధ్యాస పక్కకు పోదు. చాలామందికి అది నచ్చుతుంది. వెళ్లడానికి ఆ కారణం చాలు.

హాట్ యోగా అని పేరున్నవన్నీ ఒకటి కాదు. బిక్రమ్ చౌదరి రూపొందించిన బిక్రమ్ పద్ధతిలో రెండు శ్వాస సాధనలతో కలిపి 26 అంశాలు, 90 నిమిషాలు, 40 డిగ్రీలు దాటిన వేడి, 40 శాతం తేమ. మొదటిసారికి అది వద్దు. 60 నిమిషాలకు మించని, 35 డిగ్రీలు దాటని క్లాసు వెతకండి. తేమ ఎంతో కూడా అడగండి. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే అది ధారగా కారిపోతుందే తప్ప చల్లదనం ఇవ్వదు. అందుకే తేమ బాగా ఉన్న 35 డిగ్రీల గది పొడిగా ఉన్న 38 డిగ్రీల గది కంటే కష్టంగా ఉండొచ్చు.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, గతంలో వడదెబ్బ తగిలినవాళ్లు డాక్టరును అడగకుండా వెళ్లొద్దు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు, బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు), ఇన్సులిన్ వాడేవాళ్లూ అంతే. జ్వరం, విరేచనాలు ఉన్నా, ముందు రాత్రి మద్యం తాగినా ఆ రోజుకు మానుకోండి.

భోజనం రెండు మూడు గంటల ముందే ముగించి, ఆ మధ్యలో అర లీటరు నీళ్లు తాగండి. నూలు టీషర్టు తడిసి బరువెక్కుతుంది, పల్చటి పాలిస్టర్ నయం. మ్యాట్ పొడవునా తువ్వాలు పరవకపోతే పది నిమిషాల్లో అరచేతులు జారతాయి. హీటర్లకు దూరంగా, తలుపు దగ్గర చోటు చూసుకోండి.

ఇక లోపల. మొదటిసారి వెళ్లినవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది తల తిరగడంతోనే. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. అప్పుడు పాదహస్తాసనం (నిలబడి ముందుకు వంగి పాదాలు అందుకోవడం) నుంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు చీకట్లు కమ్ముతాయి. మోకాళ్లు మడిచి, చేతులు తొడల మీద ఆనించి, తల అన్నిటికంటే చివర ఎత్తండి. ఉష్ట్రాసనం (మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వంగడం) తరవాత వికారం కలగడం కూడా మామూలే. వెంటనే కూర్చోండి లేదా పడుకోండి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి నేల దగ్గర కాస్త హాయిగా ఉంటుంది.

రెండో ప్రమాదం అప్పటికప్పుడు తెలియదు. వేడిలో కండరం ఇట్టే సాగినట్టుంటుంది, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. పిరుదు కింద, తొడ వెనక కండరం ఎముకకు అతుక్కునే చోట మర్నాడు సలుపుతోందంటే ముందుకు వంగే ఆసనాల్లో అతిగా లాగారన్నమాట. ఇంకొంచెం వంగగలననిపించిన చోటే ఆగండి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు మోకాలిని వెనక్కి విరిచినట్టు బిగించకుండా తొడ కండరాన్ని బిగించండి.

ఎంత అలసినా గది వదలొద్దని కొందరు టీచర్లు పట్టుబడతారు. ఈ ఒక్క మాట వినకండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, వేడిలోనూ ఒళ్లు గగుర్పొడవడం, చలి వేయడం, ఇవి బయటికి వెళ్లిపోవాలని చెప్పే గుర్తులు. మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా పక్కవాళ్లు అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోగా చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలి.

క్లాసుకు ముందూ తరవాతా బరువు చూసుకుంటే ఎంత తాగాలో లెక్క తేలుతుంది. తగ్గిన ప్రతి కిలోకు 1.25 నుంచి 1.5 లీటర్లు, కొన్ని గంటల్లో, కొంచెం కొంచెంగా తాగండి. ఒట్టి నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉప్పున్న భోజనం చేయండి, లేదా ఓఆర్ఎస్ తాగండి.

ఒక్క క్లాసుతో నిర్ణయానికి రాకండి. శరీరం వేడికి అలవాటుపడటానికి రోజూ వెళ్తే ఒకటి రెండు వారాలు, రోజు విడిచి రోజు వెళ్తే ఇంకాస్త ఎక్కువ పడుతుంది: రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. వారానికి మూడుసార్లు, మధ్యలో ఒక రోజు వదిలి వెళ్లండి. అప్పటికీ వేడి సుఖంగా లేకపోతే అవే ఆసనాలు మామూలు గదిలో చేయండి, పోయేదేమీ లేదు. నచ్చి కొనసాగించినా, మధ్యలో నెల రోజులు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ తక్కువ వేడి ఉన్న క్లాసు నుంచే మొదలుపెట్టండి.