పాపా, మెసేజ్ పెడితే రైతు రాడు

పాపా,

నీ మెసేజ్ చదివినా. ఊరి వ్యవసాయ సహాయకురాలిగా వాట్సాప్ గ్రూపులో వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన సమాచారం అంతా పొద్దున్నే పెడుతున్నా, పొలంలోనే రైతులకు పాఠం చెప్పే పొలంబడికి పట్టుమని పదిమంది రావడం లేదని టెన్షన్ పడుతున్నావు. వ్యవసాయ విస్తరణ అధికారిగా నా సర్వీసంతా ఈ పనిలోనే గడిచింది కాబట్టి తోచింది రాస్తా, నచ్చింది తీసుకో.

నీ గ్రూపు ఒకసారి పైనుంచి కిందికి చూసుకో. మంత్రిగారి సమీక్ష, శిక్షణ ఫొటోలు, యూరియా స్టాకు, డ్రోన్ వీడియో, ఈ-కేవైసీ గడువు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. వీటిలో రైతుకు కావలసింది ఒక్కటే, ఈ వారం నా చేన్లో ఏం చెయ్యాల అని. అది ఒకటి తీసి, నీ గొంతుతో అర నిమిషం వాయిస్ పెట్టు. పీడీఎఫ్‌ను చిత్తూరు జిల్లాలో ఏ రైతూ తెరవడు, నేనూ తెరవను.

వాయిస్ కంటే మేలైన చోటు ఇంకోటుంది, పాల కేంద్రం. మన పక్క ఊర్లలో పొద్దున ఆరింటికి, సాయంత్రం మళ్లీ, ఊళ్లో సగం ఇళ్లవాళ్లు క్యాన్లు పట్టుకుని అక్కడే నిలబడతారు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. విత్తనం కలిపేది, కలుపు తీసేది వాళ్లే అయినప్పుడు మీటింగుకు వాళ్ల మొగుళ్లను పిలిచి ఏం లాభం చెప్పు? వరసలో నిలబడి రెండు మాటలు చెప్పు, బుధవారం ఫలానా కయ్యి దగ్గర ఉంటానని చెప్పు, ఆ బుధవారం వానొచ్చినా పో. శిక్షణ-సందర్శన పద్ధతి ఉన్న కాలంలో పదిహేను రోజులకోసారి ఈ రోజు ఈ ఊరు అని ముందే రాసి ఉండేది, రైతులు ఆ రోజుకు ప్రశ్నలు దాచిపెట్టుకునేవాళ్లు. ఇప్పుడు మీకు పొలాలకు పోయి రైతులను కలిసే 'పొలం పిలుస్తోంది' కార్యక్రమం మంగళ, బుధవారాల్లో పెట్టారు కదా, దాన్నే అలా వాడుకో.

పొలంలో ప్రసంగం వద్దు, చేసి చూపించు. చెనక్కాయ (వేరుశనగ) విత్తనశుద్ధే తీసుకో, అంటే విత్తే ముందు గింజకు మందు పట్టించడం. కిలో పప్పుకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు అని అందరూ చెప్తారు, ఇంట్లో గ్రాములు తూచే తక్కెడ ఎవరికుంది? పది కిలోలకు 30 గ్రాములు అక్కడే తూచి, వాళ్లు తెచ్చిన గిన్నెలోనే పోసి ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి చూపించు, మళ్లీ ఆ గిన్నె వంటింట్లోకి పోకూడదని కూడా అప్పుడే చెప్పు. కలిపేటప్పుడు అరచేత్తో గట్టిగా రుద్దితే పైపొర ఊడి పప్పు రెండు బద్దలవుతుంది, ఆ గింజ మొలవదు. గోనెపట్టా మీద పోసి, రెండు పక్కలా పట్టుకుని అటూ ఇటూ దొర్లించాలి. గ్లౌజులు వేసుకుని ఒక ఆయమ్మ చేత చేయించు, నువ్వు పక్కన నిలబడు. వేరుపురుగు మందు కూడా వాడేవాళ్లకు వరస చెప్పడం మరిచిపోవద్దు, ముందు పురుగుమందు పట్టించి నీడలో ఆరనిచ్చి, తర్వాతే తెగులు మందు, వేర్లకు నత్రజని అందించే రైజోబియం కల్చర్ ఉంటే అది అన్నిటికంటే చివర.

సమయం ఇంకో సంగతి. చెనక్కాయకు ఎకరాకు 200 కిలోల జిప్సం పూత దశలో, అంటే విత్తిన 40-45 రోజులకు వెయ్యాలని నువ్వు 45వ రోజు మెసేజ్ పెడితే అది చరిత్ర పాఠమే. డబ్బు సర్దుకోవాల, బండి మాట్లాడుకోవాల, తేమ చూసుకోవాల. నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి చెప్పు.

ఎవరు ఏ పంట వేశారో ఆన్‌లైన్లో ఎక్కించే ఈ-పంట నమోదు మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించినప్పుడు, మన జిల్లాలో రికార్డుల్లో పేరు ఉండడం ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది. కౌలు రైతుల ఇళ్లకు నువ్వే వెళ్లు, వాళ్లంతట వాళ్లు రారు, పొలం ఆసామి ఏమంటాడో అని భయం. నమోదు జాబితా రైతు సేవా కేంద్రం గోడకు అంటించినప్పుడు ఫొటో తీసి గ్రూపులో పెట్టు, అదొక్కటి మాత్రం అందరూ చదువుతారు.

హాజరు ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి, తప్పదు, నీ ఉద్యోగం అది. అయితే ఫొటో కోసం ఎండలో రైతులను వరసగా నిలబెట్టొద్దు, పని జరుగుతుంటే పక్కవాళ్లకు ఫోనిచ్చి తీయించు.

తెలియని తెగులు కనిపిస్తే ఊహించి మందు పేరు చెప్పొద్దు. ఊళ్లో పురుగుమందుల అంగడాయన అప్పటికే మూడు పేర్లు చెప్పి ఉంటాడు, నీది నాలుగోది కాకూడదు. ఆకు ముందు, వెనక, వేరుతో పీకిన మొక్క, మూడు ఫొటోలు తీసి తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో పంపి, రేపు చెప్తానని చెప్పు. రేపే చెప్పు. జవాబు రాకపోతే రాలేదని అయినా పోయి చెప్పు. రాత్రిపూట అడగాల్సొస్తే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది, పది దాకా తెలుగులోనే మాట్లాడతారు, ఆ నంబరు పాల కేంద్రం గోడ మీద పెద్దగా రాయించు.

మట్టి నమూనాల గురించి ఇంకోసారి రాస్తా, అది పెద్ద కథ. ఈలోపు విత్తన పంపిణీ మొదలయ్యేలోపే తూకం మిషన్ ఒకటి మీ వ్యవసాయాధికారి (ఏవో) గారిని అడిగి తెచ్చుకో, తర్వాత ఎవరూ దొరకరు.

మీ పెద్దనాన్న,
తిరుపతి