కొత్త రివాల్వర్ పట్టేస్తంది, లాకరేమో ఎవరి వేలికైనా తెరుచుకుంటంది

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర. మా నాయన పేరు మీద పాత పాయింట్ 32 రివాల్వర్ ఉండేది, ఫారిన్‌ది, ఆయన పోయాక లైసెన్స్ నా పేరుకి మారింది. ఈ మధ్య మా బాబాయ్ ఇక్కడ తయారైన కొత్తది ఒకటి కొన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాని ట్రిగర్ గరగరలాడతా ఉంది, సిలిండర్ ఒక గది దగ్గర పట్టేస్తా ఉంది, ముందుండే సైట్, గురి చూసే ముక్క, ఒక పక్కకి వాలినట్టుంది. తాతలనాటిది నున్నగా పని చేస్తంటే అంత డబ్బు పోసి కొన్నది ఇట్టా ఎందుకుంటది? ఇంకోటి, రెండూ పెట్టుకోడానికి ఆన్‌లైన్‌లో వేలిముద్ర లాకర్ కొన్నాం, దానికి మా పాప వేలు పెట్టినా తెరుచుకుంటంది. సెన్సర్ పాడైందా? లైసెన్స్ కాపీ, ఫొటోలు కూడా పంపుతున్నా.

ముందు ఒక పని చేయండి. ఈ జవాబు చదవడం ఆపి, లాకర్లో ఉన్న రెండూ బయటికి తీసి, తూటాలు వేరు చేసి, తాళంచెవితో వేసే బీరువాలో పెట్టి, ఆ తాళంచెవి మీ దగ్గరే ఉంచుకుని, అప్పుడు రండి. ఎందుకో కింద చెప్తా.

ఇక రివాల్వర్ సంగతి. ఫోన్లు, కంప్యూటర్ల గురించి రాసే చోట ఇదేంది అని కొందరికి అనిపించొచ్చు గానీ ఇట్టాంటి మెసేజ్‌లు నాకు వస్తానే ఉంటాయి, చీమకుర్తి క్వారీల వైపు నుంచి, ఉదయగిరి వైపు రిటైరైన మిలిటరీ వాళ్ళ నుంచి, బ్యాంకు గార్డుల నుంచి, అందరిదీ ఒకటే మాట, పాతది బాగుంది కొత్తది బాలేదు అని. ఆ మాటలో సగం నిజం ఉంది, మిగతా సగం గురించి కూడా చెప్పాలి.

ట్రిగర్ నొక్కతా ఉంటే లోపల చిన్న కొక్కెం సిలిండర్‌ని తిప్పాలి, తూటా ఉన్న గది సరిగ్గా బ్యారెల్‌కి ఎదురుగా రావాలి, కింద నుంచి ఇంకో ముక్క లేచి సిలిండర్‌ని కదలకుండా పట్టుకోవాలి, ఇదంతా అయ్యాకే వెనక నుంచి తూటాని పేల్చే సుత్తి పడాలి. దీన్నే టైమింగ్ అంటారు. ఇందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా తూటా బ్యారెల్ అంచుకి గీరుకుని సీసం ముక్కలు పక్కలకి చిమ్ముతాయి, పక్కన నిలబడ్డ మనిషి మొహాన పడతాయి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు మామూలుగా 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల దాకా ఉంటది, మెకానిక్ షాపుల్లో ట్యాపెట్లు సెట్ చేయడానికి వాడే ఫీలర్ గేజ్‌తో కొలిచేంత సన్నటి సందు. అది మరీ తక్కువైతే నాలుగు రౌండ్లు పేలి వేడెక్కి మసి పట్టేసరికి సిలిండర్ బిగుసుకుంటది, ఎక్కువైతే గ్యాస్ బయటికి కొడతది.

పాత రోజుల్లో ఇదంతా చేసేవాడు ఫిట్టర్. ఆకురాయి చేతిలో పట్టుకుని ఒక్కో ముక్కని ఆ రివాల్వర్‌కే సరిపోయేలా అరగదీసి, బిగించి, తిప్పి చూసి, మళ్ళీ విప్పి అరగదీసేవాడు. అందుకే పాతవాటిలో ఒకదాని కొక్కెం తీసి ఇంకోదాంట్లో వేస్తే చాలాసార్లు సరిపోదు. ఇప్పుడు ముక్కలు సీఎన్‌సీ మెషీన్ల మీద, అంటే కంప్యూటర్ నడిపే కోత మెషీన్ల మీద వస్తాయి, కొన్ని దేశాల్లో ట్రిగర్, సుత్తి లాంటివి ఎంఐఎమ్ పద్ధతిలో చేస్తారు, అంటే మెత్తటి లోహపు పొడిని బంక లాంటి పదార్థంతో కలిపి అచ్చులోకి కొట్టి తర్వాత ఫర్నేస్‌లో కాలుస్తారు, కాల్చినప్పుడు ఆ ముక్క 15 నుంచి 20 శాతం దాకా కుంచించుకుంటది, అదంతా ముందే లెక్కేసుకుని అచ్చు పెద్దదిగా చేస్తారు. లెక్క సరిగ్గా ఉంటే ఇవి బాగానే పని చేస్తాయి. మెషీన్‌తో చేసింది కాబట్టి నాసిరకం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, మెషీన్ మనిషి చెయ్యి కంటే నిలకడగానే కోస్తది. కాకపోతే కోసే టూల్ అరిగిపోయి దాన్ని ఎవరూ మార్చకపోతే అదే తప్పుని అంతే నిలకడగా వందల ముక్కల మీద కోస్తా పోద్ది. ఫిట్టర్‌ని తీసేసినప్పుడు అరగదీసే పనితోపాటు చూసే పని కూడా పోయింది, దాన్ని మళ్ళీ ఎవరికీ అప్పజెప్పలేదు. నా కోపమంతా అక్కడే.

మీ బాబాయ్‌దాంట్లో సైట్ వాలిందంటున్నారు. బ్యారెల్‌ని ఫ్రేములోకి స్క్రూ లాగా తిప్పి బిగించేటప్పుడు కాస్త ఎక్కువో తక్కువో తిరిగితే అట్టా అవుతది. అది కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, గేటు దాటకముందు ఎవరన్నా ఒక్కసారి వెనక నుంచి చూసినా కనపడుద్ది. సిలిండర్ ఆరు గదులూ నిదానంగా తిప్పి చూడడానికి నిమిషం పట్టదు. ఈ రెండూ చూడకుండా పెట్టెలో పెట్టి పంపారంటే చూసే మనిషే లేడు, లేదా ఉన్నా రోజుకిన్ని పంపాలన్న లెక్క కింద నలిగిపోతున్నాడు.

ప్రూఫ్ ముద్ర ఉంది కదా సార్ అని అడుగుతారు కొందరు. ప్రూఫ్ టెస్ట్‌లో మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటా పేల్చి బ్యారెల్, సిలిండర్ పగలకుండా తట్టుకుంటాయా లేదా అనేది చూస్తారు. బర్మింగ్‌హామ్‌లో 1813లో ప్రూఫ్ హౌస్ పెట్టింది ఇందుకే, అప్పట్లో నాసి తుపాకులు చేతిలోనే పేలిపోయేవి. చాలా ముఖ్యమైన టెస్ట్, కాదనను. కానీ ట్రిగర్ గరగరలాడుతుందా, సైట్ నిటారుగా ఉందా అనేది ఆ ముద్ర చెప్పదు. దాన్ని చూసి క్వాలిటీ మొత్తానికీ గ్యారంటీ అనుకోబాకండి.

అట్టని పాతదంతా బంగారమనీ అనుకోబాకండి. ఆ రోజుల్లో చెత్తగా వచ్చినవి ఎప్పుడో తుప్పుపట్టి, విరిగి, సరెండర్ అయిపోయుంటాయి, మిగిలినవాటినే మనం చూస్తున్నాం. ఇక రేటంటారా, మన దేశంలో 1980ల మధ్య నుంచి మామూలు జనానికి ఫారిన్ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది, దాంతో అప్పటికే ఉన్నవాటికి గిరాకీ పెరిగి లక్షల్లోకి పోయాయి, కాబట్టి ఆ రేటులో క్వాలిటీ కంటే దొరక్కపోవడం పాలే ఎక్కువ. పైగా చాలా పాత డిజైన్లలో సుత్తికీ తూటాకీ మధ్య అడ్డం ఉండదు, కిందపడి సుత్తి మీద దెబ్బ తగిలితే పేలే ప్రమాదం ఉంది, అందుకే అప్పటివాళ్ళు సుత్తి కింద గదిని ఖాళీగా ఉంచేవాళ్ళు. తర్వాత వచ్చిన డిజైన్లలో ట్రాన్స్‌ఫర్ బార్, హ్యామర్ బ్లాక్ లాంటివి పెట్టి ఆ భయం చాలావరకు తీసేశారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నా ఓటు కొత్త డిజైన్‌కే. మీ నాయనదాంట్లో ఆ అడ్డం ఉందో లేదో లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కి చూపించి తెలుసుకోండి. మీది సముద్రం గాలి కొట్టే ఊరు కాబట్టి ఇంకో మాట, తోలు కవర్లో పెట్టి నెలలు నెలలు వదిలేయబాకండి, తోలు చెమ్మని పట్టుకుని ఉంటది, పైకి నిగనిగలాడతానే లోపల తుప్పు మొదలవుతది.

బాబాయ్‌ని ఆ కొత్తదాంతో ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దని చెప్పండి. వాడతా ఉంటే సర్దుకుంటదిలే అని డీలర్ అనొచ్చు, కొత్త ట్రిగర్ కాస్త బిగుతుగా ఉండి నున్నబడడం వేరు, ఒకే గది దగ్గర పట్టేయడం వేరు, రెండోది వాడితే పోయేది కాదు. బిల్లు, లైసెన్స్ పట్టుకుని కొన్నచోటే రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. కదలకపోతే 2019 వినియోగదారుల చట్టం దీనికీ వర్తిస్తది, నెల్లూరులోనూ ఒంగోల్లోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. తెలిసిన లేత్ షాపులో కాస్త అరగదీయిద్దాం అనే ఆలోచన మాత్రం చేయబాకండి, ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 ప్రకారం తుపాకి రిపేర్ చేయడానికి కూడా లైసెన్స్ ఉండాలి, ఆ షాపువాడు ఇరుక్కుంటాడు, ఆయనతోపాటు మీరూ ఇరుక్కుంటారు.

ఫోన్లకి అలవాటు పడి మనం కూడా చెడిపోయాం. సగం ఉడికిన సాఫ్ట్‌వేర్‌తో అమ్ముతారు, పెట్టె తెరవగానే అప్‌డేట్ అడుగుతది, మనం గమ్మున చేసుకుంటాం, ఆ అప్‌డేట్ తర్వాత బ్యాటరీ దిగిపోతా ఉంటే ఇంకో అప్‌డేట్ కోసం ఎదురు చూస్తాం. ముందు అమ్మేసి తర్వాత సరిచేసే ఈ పద్ధతి మెల్లగా లోహపు వస్తువుల్లోకి, తాళాల్లోకి, ప్రాణం మీదికి తెచ్చే వస్తువుల్లోకి వచ్చేసింది. సిలిండర్‌కి అప్‌డేట్ రాదు కదా. ఫ్యాక్టరీలో జరగాల్సిన చెకింగ్‌ని డబ్బులు కట్టి కొన్నవాడు ఇంట్లో కూర్చుని చేయాల్సి రావడం నాకు అస్సలు మింగుడు పడడం లేదు.

ఇప్పుడు లాకర్. అన్నిటికంటే ఎక్కువ భయం నాకు దీని గురించే. మీ సెన్సర్ పాడవలేదు, చాలావరకు అది ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఉండి ఉంటది. ఇట్టాంటి కొన్ని లాకర్లు వేలిముద్ర రిజిస్టర్ చేసేదాకా ఏ వేలు పెట్టినా తెరుచుకునేలా తయారవుతున్నాయి. కొన్నవాళ్ళు పెట్టె విప్పి బ్యాటరీలు వేసి వేలు పెడతారు, తెరుచుకుంటది, సెట్ అయిపోయింది అనుకుని అందులో తుపాకి పెట్టేస్తారు. అమెరికాలో 2023 అక్టోబర్‌లో సరిగ్గా ఈ లోపంతోనే దాదాపు 61 వేల తుపాకి లాకర్లని వెనక్కి పిలిపించారు. ఆ లాకర్లోంచి తీసిన తుపాకి వల్ల 12 ఏళ్ళ పిల్లాడు చనిపోయాడని ఒక కుటుంబం కోర్టుకెక్కింది. ముద్ర లేకపోతే తెరవను అని ఉండాల్సిన లాకర్‌ని ముద్ర లేకపోతే ఎవరికైనా తెరుస్తా అని డిజైన్ చేసినవాడికి ఆ పని అప్పజెప్పకుండా ఉండాల్సింది. మీ పాప వేలికి తెరుచుకుందని మీరు చూశారు కాబట్టి సరిపోయింది, మీరు ఇంట్లో లేనప్పుడు తనే కనిపెట్టుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఒంగోలు నుంచి ఇంకొకరు రాసింది కూడా ఇక్కడే పెడతా. వాళ్ళమ్మ నగలు పెట్టే నంబర్ లాకర్ పిన్ మర్చిపోయి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, అవతలి మనిషి ఏదో నంబర్ చెప్పాడంట, కొట్టగానే తెరుచుకుందంట, సర్వీస్ చాలా బాగుంది అని రాశారు. అమ్మా, దాన్ని సర్వీస్ అనుకోబాకండి. ఆ నంబర్ ఫోన్‌లో చెప్పగలిగాడంటే ఆ మోడల్ లాకర్లన్నిటికీ అదే మాస్టర్ కోడ్ అయ్యుండొచ్చు, అడిగిన ప్రతివాడికీ చెప్తా ఉండొచ్చు. మాన్యువల్లో మాస్టర్ కోడ్ మార్చే పద్ధతి ఉంటే ఈరోజే మార్చండి, మార్చే వీలే లేకపోతే దాంట్లో నగలు పెట్టబాకండి.

కావలి ఆయనకి: మాన్యువల్ చూసి రీసెట్ చేసి మీ వేలు ఒక్కటే రిజిస్టర్ చేయండి. లాకర్ ఖాళీగా ఉన్నప్పుడే ఇంట్లో అందరి చేతా పది వేళ్ళూ పెట్టించి చూడండి, తడి వేలితో కూడా. తర్వాత బ్యాటరీలు తీసి కాసేపాగి మళ్ళీ వేసి ఇదంతా ఇంకోసారి, ఎందుకంటే కరెంటు పోయి వస్తే పాత సెట్టింగ్‌కి వెళ్ళిపోయే రకాలూ ఉండొచ్చు. మూత వేసి పైన అరచేత్తో గట్టిగా కొట్టి చూడండి, చవకరకంలో లోపలి గడి ఆ అదురుకే జారిపోద్ది. వీటిలో ఒక్కదాంట్లో ఫెయిలైనా తిప్పి పంపేయండి. అన్నీ పాసైనా ఎమర్జెన్సీ తాళంచెవిని లాకర్ మీదే పెట్టే అలవాటు మానుకోండి. నావరకు నేనైతే తుపాకికి మామూలు తాళంచెవి ఉన్న, గోడకి బోల్టులతో బిగించిన ఇనప పెట్టెనే నమ్ముతా, తూటాలకి వేరే పెట్టె. ఇంకో సంగతి, మీ ఆయుధం మీ తాళంలో, బాబాయ్‌ది ఆయన తాళంలో ఉండాలి, లైసెన్స్ ఎవరి పేరున ఉంటే దాచే బాధ్యత వాళ్ళదే.

ఆఖరికి మీరు పంపిన ఫొటోలు. లైసెన్స్ మీద మీ యూఐఎన్ (లైసెన్స్‌దారుకి ఇచ్చే ప్రత్యేక నంబర్), అడ్రస్, ఆయుధం నంబర్ అన్నీ స్పష్టంగా కనపడతా ఉన్నాయి. క్వాలిటీ తగ్గకూడదని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపారు, అట్టా పంపితే ఫొటో తీసిన చోటు వివరం కూడా ఫైల్‌లోనే వచ్చేస్తది, దాన్నిబట్టి మీ ఇల్లు ఏ వీధిలో ఉందో నాకు మ్యాప్‌లో కనపడింది. ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేసిన రసీదుల్ని గ్రూపుల్లో పెట్టేవాళ్ళు కూడా ఇది వినాలి, ఏ ఇంట్లో ఆయుధం ఉందో, ఏ ఇంట్లో ఇప్పుడు లేదో మీ అంతట మీరే దొంగకి చెప్తున్నారు. నా దగ్గరున్న కాపీలు తీసేశా. మీరు కూడా పంపినచోటల్లా డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టి, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి, లాకర్ టెస్టుల్లో ఏం తేలిందో మాటల్లోనే రాయండి, ఫొటోలు వద్దు.